మెట్ల మీద పడ్డ పిల్ల

జావగిన్నె వచ్చి గుమ్మానికి తగిలి భళ్ళున పగిలింది!

"అది ఈ గడప తొక్కిందంటే నా శవాన్నే చూస్తావు! నా కొడుకును మింగిన పీనుగ... దాన్ని పిలిపించి సన్మానం చేస్తారుటా, సన్మానం!"

ఎనభై నాలుగేళ్ళ షిగెనో మంచం మీద నుంచి లేవలేదు. ఆమెకు కాళ్ళు చచ్చుబడి చాలాకాలమైంది. చేతికి మాత్రం ఏ రోగమూ రాలేదు. నోటికి అంతకన్నా రాలేదు! కోడలు తొమోఎ మారు మాట్లాడకుండా వంగి పెంకులు ఏరుకుంది. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ ఆమెకు బాగా చేతనైన పని అదే.

అది ఉత్త ఇల్లు కాదు. మినాసే రేవులో మిగిలిన ఒకే ఒక్క స్నానశాల. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి వేడినీళ్ళ తొట్లు. రెంటికీ మధ్య ఎత్తుపీట మీద కూర్చుని డబ్బు తీసుకునేది తొమోఎ. వెనక రెండు గదుల్లో అత్తాకోడళ్ళ కాపురం. ఆ ఉదయం పురపాలక కార్యాలయంలో పనిచేసే కుబోతా ఒగర్చుకుంటూ పరుగెత్తుకొచ్చి కబురు చెప్పాడు. ఆదివారం ఊరి హాల్లో 'అలల కావలి' చివరి భాగం అందరికంటే ముందు మినాసే వాళ్ళకే చూపిస్తారట. దాన్ని రాసిన ఆవిడ టోక్యో నుంచి స్వయంగా వస్తోందట!

ఆ రాసిన ఆవిడ ఎవరో కాదు... తొమోఎ ఒక్కగానొక్క కూతురు ఇబుకి. బడి చదువు ముగిసిన మర్నాడే సంచీ భుజాన వేసుకుని రైలెక్కిన పిల్ల మళ్ళీ ఈ ఊరి మొహం చూడలేదు. పదిహేనేళ్ళు! కొత్త సంవత్సరానికి ఒక్క కార్డు ముక్కయినా రాయలేదు.

'అలల కావలి' అనే ఆ యానిమే, అంటే బొమ్మల సీరియల్, సంగతి మినాసేలో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆకాశం నుంచి దిగిన పరాయి జీవులు మనుషుల తోలు తొడుక్కుని అచ్చం మినాసే లాంటి ఊళ్ళో తిరుగుతుంటాయి. పెద్దవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. తెలిసిందల్లా బడికి వెళ్ళే అయిదుగురు పిల్లలకే. ఒకడు చేత్తో ఇనుమును వంచుతాడు, ఒకత్తె కటిక చీకట్లో చూస్తుంది. సుజునే అనే పిల్ల అరచెయ్యి చాపితే ఎగసిపడే అల అక్కడే ఆగిపోతుంది. పగలు లెక్కలు చేసుకుంటూ, సాయంత్రాలు ఎవరికీ తెలియకుండా పోరాడి ఊరిని కాపాడుతుంటారు. ఆ సుజునేది స్నానశాల నడిపే ఇల్లు. ఎత్తుపీట మీద కూర్చునే వాళ్ళమ్మ మాత్రం వట్టి వెర్రిమాలోకం! కూతురు పోరాటం ముగించుకుని కమిలిన మొహంతో ఇంటికొస్తే, "మళ్ళీ మెట్ల మీదేనా? కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అని కేకలేస్తుంది. పిల్ల తల వంచుకుని "అవునమ్మా, జారాను" అంటుంది. ప్రతి భాగంలోనూ ఇంతే. దేశమంతా ఆ మాటకు పడీపడీ నవ్వింది.

ఇంకేముంది, మినాసేకి జనం రావడం మొదలుపెట్టారు. తాము మెచ్చిన కథ జరిగిన చోటును వెతుక్కుంటూ వచ్చే పిల్లలు! గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఇంటికొచ్చానమ్మా!" అని తొమోఎను పిలిచేవారు. "వచ్చావా తల్లీ!" అని ఆమె అనేది. అంతటితో వదిలేవారా? "అమ్మా అమ్మా, ఒక్కసారి ఆ మాట అనరూ!" అని చుట్టూ చేరి ఫోన్లు ఎత్తేవారు. తొమోఎ నడుం మీద చేతులు పెట్టుకుని "మళ్ళీ మెట్ల మీదేనా?" అని కసురుకునేది. అందరూ విరగబడి నవ్వేవారు. కుబోతా ఆ మాటను తువ్వాళ్ళ మీద అచ్చు వేయించి రైల్వే స్టేషన్లో అమ్మకానికి పెట్టాడు. రేపో మాపో మూతపడాల్సిన స్నానశాల పొయ్యి మళ్ళీ నిండుగా మండింది.

కడుపుతీపి ఎంత తెలివైనవాళ్ళనైనా వెర్రివాళ్ళను చేస్తుంది కదా! ఆ మాట తొమోఎదే. అక్షరం పొల్లుపోకుండా తొమోఎదే! మొదటిసారి తెర మీద విన్నప్పుడు ఆమె గుండె గుభేలుమన్నది. కానీ జనం నవ్వారు... వాళ్ళు నవ్వుతుంటే తొమోఎకూ నవ్వు వచ్చింది. "నా పిల్ల నా మాటను మరచిపోలేదు. దాన్ని తలచుకుని నవ్వుకుంది. నవ్వుకోగలిగిందంటే కోపం పోయినట్టే కదా!" అనుకుంది. అనుకోగా అనుకోగా అదే నిజమని నమ్మింది. ఇక ఇబుకి వస్తుంది, ఈ ఇంట్లో అన్నం తింటుంది... ఆమె బతుకులో ఇంకే కోరికా లేదు.

కూతురు వస్తుందన్న కబురుకు, శుభానికి వండే తాయ్ చేప కొని, దాన్ని బియ్యంలో కప్పెట్టి ఇబుకికి ఇష్టమైన అన్నం ఎలా వండాలో మనసులోనే పదిసార్లు వండుకుంది.

అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో తొమోఎకు తెలియదా? తెలుసు! ఇబుకి చిన్నప్పుడు ఒక తుఫాను రోజు, బడిలో చిక్కుకున్న కూతురిని తీసుకురావడానికి వెళ్ళిన తొమోఎ భర్త మీద కొండచరియ విరిగిపడింది. పిల్ల బతికింది, తండ్రి పోయాడు. ఆ రోజు నుంచి షిగెనో కళ్ళకు మనవరాలు మనవరాలు కాదు, తండ్రిని మింగిన శని! తొట్లు తోమే బ్రష్షుకు పొడుగాటి కర్ర ఉండేది. నేల మీద నురుగు మిగిలిందని ఒక దెబ్బ, అన్నం ఎక్కువ తిన్నదని ఒక దెబ్బ, తండ్రి పోలికతో నవ్విందని రెండు దెబ్బలు... సాయంత్రం కాగానే పిల్ల వాచిన చేతులతో వచ్చి నిలబడేది. అత్తగారు పక్కనే కూర్చుని ఉండేది. ఇల్లు అత్తగారి పేర ఉంది, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. కూతురు నోరు తెరవకముందే తొమోఎ గబగబా అనేది, "మళ్ళీ మెట్ల మీదేనా?" అని. జవాబు కూడా ప్రశ్నలోనే పెట్టి ఇచ్చేది! ఆ ఇంటికి ఉన్నవి వీధి గుమ్మం ముందు రెండే రెండు మెట్లు.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. స్నానశాలలో కట్టుకునే ఏప్రన్‌తోనే రమ్మని కుబోతా బతిమాలితే తొమోఎ అలాగే వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్కనున్న ఆడపిల్లలు ఆమె చేతులు పట్టుకుని "అమ్మా, ఇవాళైనా మీకు నిజం తెలుస్తుందంటారా?" అని ఆటపట్టించారు. తొమోఎ సిగ్గుపడుతూ నవ్వింది. కళ్ళు మాత్రం వెనక తలుపునే వెతుకుతున్నాయి. లైట్లు ఆర్పేశారు.

తెర మీద పోరాటం భీకరంగా సాగింది. అలలు ఆగాయి, ఇనుము వంగింది. పరాయి జీవులన్నీ నేలకూలాయి... ఒక్కటి తప్ప. ఆ చివరిది ఎక్కడుందో వెతుక్కుంటూ సుజునే తన ఇంటికే వచ్చింది. వంటింటి బల్ల ముందు, నానమ్మ తోలు తొడుక్కుని, అది తాపీగా అన్నం తింటోంది! హాలంతా కెవ్వుమన్నది. పక్కనున్న పిల్లల చేతుల్లోంచి తొమోఎ తన చేతులు లాక్కుంది.

సుజునే దాన్ని జయించింది. కానీ కథ అక్కడ ఆగలేదు. రక్తం కారే చేత్తో మందుల సొరుగు లాగింది. సొరుగు నిండా నొప్పిపట్టీలు, విప్పని కొత్త పొట్లాలు! పిల్ల తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ నేను ఇంకా పడనేలేదు. పట్టీలు పొద్దున్నే ఎందుకు కొన్నావు?"

తెర మీద తల్లి పెదవి కదపలేదు.

"అదెవరో తెలిసే అన్నం పెట్టావు కదూ?"

తల్లి ఏప్రన్ అంచు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. సుజునే కాసేపు ఎదురుచూసింది... తరువాత స్నేహితుల వెంట సముద్రం వైపు నడిచిపోయింది. అంతే. కథ అయిపోయింది!

లైట్లు వెలిగేసరికి ఎవరి కళ్ళల్లో చూసినా నీళ్ళే. ఏడాదిగా నవ్వుకున్న మాట అందరికీ గొంతులో ముల్లులా గుచ్చుకుంది. పాపం కుబోతా, శుభమా అని ఏర్పాటు చేసిన సభ ఇలా అయ్యిందేమిటా అని బిక్కమొహం వేసి, మైకు పట్టుకుని లేని హుషారు తెచ్చుకున్నాడు.

"సుజునే అమ్మగారు మన మధ్యనే ఉన్నారండోయ్! రండి తొమోఎగారూ, అందరూ ఏడుస్తున్నారు. ఒక్కసారి ఆ మాట అని నవ్వించండి!"

ఎవరో చెయ్యి పట్టి వేదిక ఎక్కించారు. మైకు చేతిలో పెట్టారు. తొమోఎ తల ఎత్తింది... వెనక తలుపు దగ్గర కత్తిరించిన జుట్టుతో, కళ్ళజోడుతో ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆ చుబుకం భర్తది. ఆ చూపు మాత్రం ఇప్పుడే తెర మీద చూసిన చూపు!

తొమోఎ మైకును రెండు చేతులా పట్టుకుంది. నిజం కక్కితే ఇన్నేళ్ళ పరువు పోతుంది... అయినా నోరు తెరిచింది.

"మెట్లు కావు. నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. పట్టీలు నేనే కొన్నాను. అత్తయ్య కర్ర ఎత్తగానే నేను వంటింట్లో కొళాయి విప్పేదాన్ని... నా పిల్ల ఏడుపు నా చెవిన పడకూడదని! అది పిలిచేది. అమ్మా అని పిలిచేది... నేను కొళాయి ఇంకా పెద్దగా విప్పేదాన్ని!"

మరుక్షణం చప్పట్లు! పైకప్పు ఎగిరిపోతుందా అన్నట్టు చప్పట్లు! జనం లేచి నిలబడ్డారు. "తెర మీద అమ్మ చెప్పని జవాబు ఇదన్నమాట!" అని ముందు వరసలో పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"అబ్బబ్బ, ఏం చేశారండీ! నాకు కూడా చెప్పకుండా తల్లీకూతుళ్ళిద్దరూ ముందే అనుకున్నారా?" అని కుబోతా కళ్ళు తుడుచుకున్నాడు.

"కాదు బాబూ... అది నటన కాదు... నిజం..." అంది తొమోఎ. ఆ మాటకు చప్పట్లు ఇంకా పెరిగాయి. చూడండి ఎంత విచిత్రమో! జీవితమంతా అబద్ధం చెబితే ఊరు నమ్మింది, ఒక్కసారి నిజం చెబితే నాటకమని మెచ్చుకుంది.

వెనక తలుపు దగ్గర చోటు ఖాళీగా ఉంది. తొమోఎ మైకు వదిలేసి, హాల్లో తొడుక్కోమని ఇచ్చిన చెప్పులతోనే వీధిలోకి పరుగెత్తింది. స్టేషను మలుపులో ఇబుకి ఆగింది.

"చెప్పావు," అంది ఇబుకి. "చెబుతావనుకోలేదు."

"ఎవ్వరూ నమ్మలేదే తల్లీ..."

"నేను నమ్మానుగా."

ఆ ఒక్క మాటకు తొమోఎ భోరుమంది. కూతురు చెయ్యి అందుకోబోయింది. ఇబుకి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ముందుకు చాపనూ లేదు.

"ఇంటికి రావే... తాయ్ చేప అన్నం వండాను... ఒక్క ముద్ద తిని పోదువుగాని..."

"ఆవిడ ఉందా?"

"ఉంది. మంచం మీద..."

"ఎవరు చూస్తున్నారు?"

తొమోఎ ఏప్రన్ అంచు వేళ్ళకు చుట్టుకుంది.

"నువ్వే," అని ఇబుకి నవ్వింది. "అప్పుడూ వండి పెట్టింది నువ్వే, ఇప్పుడూ నువ్వే!"

"నడవలేని ముసలిదాన్ని ఎక్కడ పారేయమంటావే?"

"పారేయమని నేనన్నానా? చూసుకో. నేను మాత్రం ఆ గడప తొక్కను."

"నన్ను క్షమించవా ఇబుకీ? ఇన్నాళ్ళూ నువ్వు ఆ మాట తలచుకుని నవ్వుకున్నావనుకున్నాను... నాకోసమే రాశావనుకున్నాను..."

ఇబుకి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"నీకోసమే రాశానమ్మా. నిజంగానే. చివరి భాగం మొదట వేరేగా రాశాను. సుజునే ఇంటికొచ్చి నీ ఒళ్ళో... వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటుంది. క్షమించేద్దామనే రాశాను. అప్పుడు ఎవరో నీ వీడియో చూపించారు. నడుం మీద చేతులు పెట్టుకుని, నవ్వుకుంటూ, ఆ మాట అంటున్నావు! ఒకటి కాదు, బోలెడన్ని. తువ్వాళ్ళు కూడా అమ్ముతున్నారటగా? ఆ రోజే మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాను."

కన్నబిడ్డ క్షమ గుమ్మం దాకా వచ్చిందట... తానే నవ్వుతూ దాన్ని వెనక్కి పంపేసిందట!

"వేళవుతోంది," అంది ఇబుకి. "ఇవాళ చెప్పావు కదా, అది మరచిపోనులే. ఆరోగ్యం జాగ్రత్త అమ్మా." రెండడుగులు వేసి, తిరిగి చూడకుండానే స్టేషనులోకి వెళ్ళిపోయింది. తొమోఎ రైలు కూత వినబడే దాకా నడిరోడ్డు మీదే నిలబడింది. దారిన పోయే పిల్లలు ఆమెను గుర్తుపట్టి వంగి నమస్కారాలు చేశారు.

ఇంటికి చేరేసరికి షిగెనో కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"ఏదీ మహారాణి? రాలేదే?"

"రాదు అత్తయ్యా. ఇక రాదు." తొమోఎ మంచం పక్కన నేల మీద చతికిలబడింది. ఇంతకాలమూ గొంతులోనే అణచుకున్న మాట, ఇందాక ఊరందరి ముందు అన్న మాట, అనవలసిన మనిషి ముందు ఇప్పుడు అంది. "మీరు నా బిడ్డను కొట్టారు. నేను చూశాను."

ముసలమ్మ కోపగించుకోలేదు. అరవలేదు. పైకప్పు వైపు చూసింది.

"చూశావుగా," అంది. "చూసి ఊరుకున్నావుగా. ఇప్పుడెవరికి చెబుతావు?"

ముసలమ్మను పక్క మార్చే వేళయింది, ఆలస్యమైతే వీపు పుండు పడుతుంది. తొమోఎ లేచి, కళ్ళు తుడుచుకుని, అత్తగారి భుజం కింద చెయ్యి దూర్చింది.

"ఇటు తిరగండి అత్తయ్యా," అంది.