ఉప్పునీళ్ళు

ఇంట్లో ఉప్పు డబ్బా వారం తిరక్కుండానే ఖాళీ అవుతోందని మొదట కనిపెట్టింది నానమ్మ. వంటగదికి ఆవిడే మహారాణి. ఏ డబ్బాలో ఏది ఎంతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ ఉదయం కోడలు గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే వెనకాలే వచ్చి నిలబడి తీర్పు చెప్పేసింది.

"ఈ ఇంట్లో ఎవరో ఉప్పు తాగుతున్నారమ్మాయ్. నా బీపీ సంగతి నాకు తెలుసు గనక నేనైతే కాదు."

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమె ఆస్పత్రిలో కట్లు కట్టే గది నర్సు. వీధి వీధంతా ఆమెను సిస్టరమ్మ అంటుంది. తెగిన వేళ్ళు, కాలిన చేతులు, మానని కుట్లు, పదహారేళ్ళుగా ఆమె చేతుల మీదుగానే మానుతున్నాయి. మెత్తని చెయ్యి అని పేరు. ఎవరి గాయం ముట్టుకున్నా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది, తర్వాత ఒకే మాట అంటుంది: "నొప్పి అనిపిస్తే చెప్పండి, ఆపేస్తాను." ఆ మాటతోనే సగం నొప్పి పోయేదని చెప్పుకునేవాళ్ళు చాలామంది. భర్తది దూరప్రయాణాల లారీ. నెలలో పది రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. అందుకని ఇంట్లో ఉండేది ముగ్గురు ఆడవాళ్ళే: ఆమె, అత్తగారు, కాలేజీలో చదివే పంతొమ్మిదేళ్ళ కూతురు. ఆ పిల్లను పుట్టినప్పటినుంచీ నానమ్మ పిచ్చుక అనే పిలుస్తోంది.

బయల్దేరబోతూ దువ్వెన కోసం సిస్టరమ్మ కూతురి గది తలుపు తోసింది.

పిచ్చుక కిటికీ దగ్గర నిలబడి ఉంది. చొక్కా పైకి మడిచి గడ్డంతో నొక్కిపట్టి, ఒక గాజు గ్లాసును పొట్టకు బోర్లించి పట్టుకుంది. గ్లాసులో గోరువెచ్చని ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో బొడ్డు పైఅంచున ఏదో తళుక్కుమంది. తల్లిని చూసి పిల్ల ఉలిక్కిపడేసరికి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి.

ఉప్పు ఎటు పోతోందో అప్పుడు తెలిసింది.

"ఏమిటది?"

"బొడ్డు కుట్టించుకున్నానమ్మా. ఐదు వారాలైంది. బాగానే మానుతోంది. నిన్నటినుంచే కొంచెం ఎర్రగా ఉంది, ఇవాళ నీకు చూపిద్దామని..."

ఆ చివరి మాట సిస్టరమ్మ వినలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. బొడ్డు మీద మెరిసే పూస, బొడ్డు కింద రెండు వేళ్ళ ఎడంలో మొదలయ్యే పాత ఆపరేషన్ మచ్చ, రెండూ ఒక్కసారే కంటబడ్డాయి.

"ఎవరికి చూపించడానికి?" అంది.

పిచ్చుక ముఖం పాలిపోయింది.

"ఆ పొట్ట మీద ఉన్నది చాలదా? దాన్ని కప్పుకోమని ఇన్నేళ్ళుగా మొత్తుకుంటుంటే, పైన అలంకారం కూడానా?"

మాట జారాక వెనక్కి తీసుకోవచ్చు, కొంతలో కొంత. చెయ్యి జారితే ఆ అవకాశం కూడా ఉండదు. సిస్టరమ్మ ముందుకు వంగి, పూస మర తిప్పి, చర్మంలోకి దూర్చిన సన్నని కడ్డీని పట్టుకుని లాగేసింది. పిల్ల పళ్ళ బిగువున కేక ఆపుకుంది. చర్మం కాస్త చిరిగి ఒక నెత్తుటి చుక్క కిందికి జారింది. కడ్డీని కిటికీ గట్టు మీదకు విసిరి, ఆలస్యమైపోతోందని వెళ్ళిపోయింది. సగం దారిలో, బస్సు కమ్మీ పట్టుకుని నిలబడి, తన చేతులు చూసుకుంది. అవి బూట్ల తాళ్ళు కట్టుకున్న చేతులు. కడుక్కోలేదు.

మరుసటి రోజు పిచ్చుక పొట్టలో సలుపుతోందని అంది. అలిగిన పిల్ల నాటకం అనుకుంది తల్లి. ఆ తర్వాతి రోజు అన్నం వద్దంది. మొండితనం అనుకుంది. నిజానికి లోపల ఎక్కడో అనుమానం తొలుస్తూనే ఉంది, కానీ చొక్కా ఎత్తి చూస్తే తను చేసింది చూడాల్సి వస్తుంది. ఊళ్ళో వాళ్ళ పుళ్ళన్నీ చూసే మనిషికి కూతురి పొట్ట వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఇది మొదటిసారి కూడా కాదు. పిచ్చుకకు తొమ్మిదేళ్ళప్పుడు మూడు రోజులు కడుపునొప్పి అంటూ తిరిగితే, బడి ఎగ్గొట్టే ఎత్తు అని కసిరి పంపించింది. నాలుగో రోజు బళ్ళోనే పడిపోయింది. పేగు లోపల చిట్లిపోయింది. ఆ కోత గుర్తే ఆ మచ్చ. పిల్ల బతికి బయటపడ్డాక ఇంట్లో ఎవరూ ఆ మూడు రోజుల మాట ఎత్తలేదు. సిస్టరమ్మ మాత్రం అప్పటినుంచీ కూతురికి పొడుగు చొక్కాలే కొంటోంది.

మూడో రోజు పదకొండు గంటలకు కట్ల గది తలుపు తోసుకుని నానమ్మ వచ్చింది. ఆవిడ భుజం మీద పిచ్చుక వాలిపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

"నీ దగ్గర చూపించుకోవాలంటే పరాయివాళ్ళయి పుట్టాలేమో అమ్మాయ్. అందుకని ఇక్కడికే తీసుకొచ్చా," అంది నానమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

పెద్ద డాక్టరు వచ్చి చొక్కా ఎత్తి చూసింది. బొడ్డు పైన నిమ్మకాయంత గడ్డ. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. పైన రంధ్రం పూర్తిగా పూడుకుపోయింది. పక్కన కొత్త నర్సు పళ్ళెం పట్టుకుని నిలబడింది. కిందటి నెలలోనే ఈ కొత్త నర్సు ఒక కుర్రవాడి చీము పట్టిన కనుబొమ్మ రింగు తీసేయబోతే, సిస్టరమ్మ అందరి ముందూ కడిగిపారేసింది. డాక్టరు చెప్పకుండా రింగు తీస్తే రంధ్రం మూసుకుపోతుంది, చీము లోపలే నిలబడిపోతుంది, ఇంత చిన్న విషయం తెలియదా అని.

"ఉప్పునీళ్ళతో కడుగుతున్నావా?" అని అడిగింది డాక్టరు.

"రోజుకి రెండుసార్లు. నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి. అమ్మ ఫోన్లో ఎవరికో చెబుతుంటే విని రాసుకున్నాను. తిప్పకూడదు, గిల్లకూడదు, బిగుతు బట్టలు వేసుకోకూడదు అని. అలాగే చేశాను."

"అన్నీ సరిగ్గానే చేశావు. మరి కడ్డీ ఎవరు తీశారు?"

పిచ్చుక పైకప్పు వైపు చూస్తూ, "నేనే," అంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. డాక్టరు నమ్మేసింది కూడా. సిస్టరమ్మ పేరు నిలబడేది, పదహారేళ్ళ మెత్తని చెయ్యి మెత్తగానే ఉండిపోయేది. కానీ బల్ల మీద పడుకున్న పిల్ల, జ్వరంతో పెదవులు ఎండిపోయి కూడా, అమ్మ పరువు తను మోస్తోంది. ఆ సంగతి తల్లికి తల తీసేసినట్లనిపించింది.

"అది అబద్ధం డాక్టరుగారూ," అంది. "నేను లాగేశాను. కోపంలో. చేతులు కూడా కడుక్కోలేదు. రెండు రోజులుగా నొప్పి అంటుంటే నాటకం అన్నాను."

కొత్త నర్సు పళ్ళెం వైపే చూస్తూ ఉండిపోయింది. డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మీరు బయట కూర్చోండి సిస్టర్," అని మాత్రం అంది.

పదహారేళ్ళలో మొదటిసారి సిస్టరమ్మ బయట రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుంది. లోపల్నించి పిచ్చుక మూలుగు వినిపించినప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయింది. పక్కన నానమ్మ తన సంచీలో ఏదో వెతుక్కుంటూ, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదట," అని గొణిగింది. ఒక క్షణం ఆగి కోడలి చెయ్యి పట్టుకుంది. "పడితే పడింది. ఒప్పుకుంది కదా."

గంట తర్వాత లోపలికి రానిచ్చారు. చీము తీసి కట్టు కట్టారు. మందుల మత్తుకు పిచ్చుక కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఎవరికి చూపించడానికని అడిగావు కదమ్మా," అంది నెమ్మదిగా. "నాకే. స్నానం చేసేటప్పుడు కూడా నేను కిందికి చూసుకోను. ఒక్కటి మెరిసేది ఉంటే చూడబుద్ధవుతుందేమో అనుకున్నా. అయింది కూడా. ఐదు వారాలు రోజూ చూసుకున్నాను."

సిస్టరమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఆ మచ్చ కప్పుకోమన్నది నీ కోసం కాదే. అది కనబడినప్పుడల్లా నేను నమ్మని మూడు రోజులు కనబడతాయి. నా సిగ్గు నీకు తొడిగాను. ఇన్నేళ్ళూ తొడిగాను."

పిచ్చుక దుప్పటి కింద నుంచి చెయ్యి బయటపెట్టింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

గాయం పూర్తిగా మానాలంటే నెలలు పడుతుందని, ఆ తర్వాత మళ్ళీ కుట్టించుకోవాలో వద్దో అమ్మాయి ఇష్టమని డాక్టరు చెప్పింది. కిటికీ గట్టు మీది కడ్డీని నానమ్మ ఎప్పుడో మరిగే నీళ్ళలో వేసి తీసి, దూదిలో చుట్టి దాచింది. చెవికి కుడితే ముద్దొచ్చేది బొడ్డుకి కుడితే పాపం ఎలా అవుతుందో తన బుర్రకి ఎక్కడం లేదని, చిల్లు ఎక్కడైనా చిల్లేనని ఆవిడ వాదన. ఉప్పు డబ్బా మీద ఇప్పుడు ఆరాలు లేవు. ఉదయం నీళ్ళు మరగబెట్టి గ్లాసులో ఉప్పు కలిపేది ఆవిడే.

ఇంటికొచ్చిన మర్నాడు ఉదయం సిస్టరమ్మ మోచేతుల దాకా చేతులు కడుక్కుని కూతురి మంచం పక్కన కూర్చుంది. చొక్కా మడిచింది. పాత మచ్చ, కొత్త గాయం, రెండూ వెలుతురులో ఉన్నాయి. ఈసారి చూపు తిప్పుకోలేదు. పాత కట్టు అంటుకుపోయిన చోట ఉప్పునీళ్ళు పోసి నానబెడుతూ, ఊరందరికీ చెప్పి ఇంట్లో ఒక్కసారీ చెప్పని మాట చెప్పింది.

"నొప్పి అనిపిస్తే చెప్పు, ఆపేస్తాను."

ఇంకా కట్టు అంచు కూడా లేవలేదు. పిచ్చుక ఒక క్షణం తల్లి ముఖంలోకి చూసి, "నొప్పిగా ఉందమ్మా," అంది.

సిస్టరమ్మ చెయ్యి ఆపేసింది.