పిలిచే గుంట

ఆ నీళ్ళగుంట దగ్గర పొద్దుగూకాక ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. తెలిసిన గొంతయితే అసలే పలకకూడదు.

ఈ మాట నాకు చెప్పింది పెట్రుస్. అడవిలో జంతువుల అడుగుజాడలు చూసి వేటగాళ్ళకి దారి చూపించటం అతని పని. వెనకటికి ఆ గుంటకి నీళ్ళు తోడే మోటరు చూసుకుంటా ఒకడుండేవాడంట. ఒక రాత్రి బయట్నుంచి తమ్ముడు పిలిచాడని తలుపు తీసుకుని వెళ్ళాడు. ఆ తమ్ముడు ఆ రాత్రి ఎక్కడో దూరాన పట్నం ఆస్పత్రిలో పడుకుని ఉన్నాడు... వెళ్ళినవాడి బూట్లు గుంట గట్టు మీద దొరికినయ్. ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు, పక్కపక్కనే పెట్టి ఉన్నయ్.

మనిషి దొరకలేదు.

మా రొంపిచెర్లలో మా నాయనమ్మ కూడా రాత్రిపూట పిలుపుల గురించి ఇట్టాగే చెప్పేది. ఏడెనిమిది వేల కిలోమీటర్లు విమానాల్లో ఎగిరిపోయినా దెయ్యాల రూల్సు మారలేదన్నమాట. ఎందుకంటే ఆ గుంట ఉన్నది ఆఫ్రికాలో — నమీబియా దేశంలో.

నమీబియాకీ నాకూ ఏందయ్యా సంబంధం అంటారేమో. నా పేరు కృపావరం. నరసరావుపేట బస్టాండు వెనకమాల మెస్సు నడుపుతా. నా ధైర్యం సంగతి మా ఆవిడ హెప్సిబాని అడగండి. కోడిని కోయాల్సొస్తే కత్తి ఆమె చేతికిచ్చి, పని ఉన్నట్టు వీధిలోకి వెళ్ళిపోయే రకాన్ని. ఇట్టాంటి వాణ్ణి ఏరికోరి పెద్దవేటకి తీసుకెళ్ళినాయన అమర్నాథన్న.

అన్నది మాచర్ల ఊరు. మాచర్ల రోడ్డులో పత్తి మిల్లుంది. కొంచెం రాజకీయం ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, నేను వండిన కూర లేకపోతే ముద్ద దిగని నాలిక ఉంది. డబ్బు కడితే అక్కడి కంపెనీ వాళ్ళే లైసెన్సు కాయితాలు, తుపాకి, బండి, బస అన్నీ చూసి వేట చేయించి పంపిస్తారని ఎవరో చెప్పారంట. మన దగ్గర జింక మీద చెయ్యేస్తే జైలు, అక్కడ కాయితం ఉంటే సలాము. వంటకి నన్ను వెంటబెట్టుకున్నాడు. బయలుదేరేటప్పుడు ఆయన భార్య యశోదమ్మ వదిన నన్ను పక్కకి పిలిచి ఒకటే మాటంది. "మీ అన్నకి ముందూ వెనకా ఉండదు. నీ చేతుల్లో పెడతన్నా వరం."

సరేనన్నాను. అనటానికి ఏముంది, మాచర్లలో పట్టపగలు అన్నాను.

వేటంటే ఏందో అనుకున్నాను గానీ, చూస్తే అచ్చం పెద్దోళ్ళు మొక్కలు నాటినట్టే ఉంది. గుంట తవ్వేది ఒకరు, మొక్క పట్టుకునేది ఒకరు, ఫోటో మాత్రం ఆయనది. పెట్రుస్ జాడ తీస్తాడు. గైడు యోహాన్ మూడుకాళ్ళ కర్ర పాతి దాని మీద తుపాకి ఆనించి, చెవిలో 'ఇప్పుడు' అంటాడు. అన్న వేలు నొక్కుతాడు. అంతే.

నాలుగో రోజు సాయంత్రం ఆ గుంట పక్కనే ఉన్న మాటుగదిలో కూచున్నాం. రాళ్ళ గోడలు, ఇనుప తలుపు, ముందువైపు తుపాకి పెట్టటానికి జానెడు సందు. మెలికల కొమ్ముల పెద్ద జింక వచ్చింది. కూడూ అంటారంట దాన్ని. ఎద్దంత ఉంది. యోహాన్ చెవిలో చెప్పాడు, అన్న కాల్చాడు. జింక ఎగిరి దూకి ముళ్ళపొదల్లోకి పోయింది. ఇసకలో నెత్తురు చుక్కలు పడ్డయ్.

యోహాన్, పెట్రుస్ వెతకటానికి పోయిన గంటలో అన్న ఊరుకోవచ్చుగా... మాటుగది కప్పెక్కితే ఒక్క గీత సిగ్నల్ వస్తది. ఎక్కి, 'కొట్టేశా' అని మాచర్లలో తన మనుషులకి వీడియో కాల్ చేశాడు. వాళ్ళు తక్కువోళ్ళా. అర్ధగంటలో కంప్యూటర్లో కొమ్ముల జింక పక్కన అన్నని నిలబెట్టి, సెంటర్లో ఫ్లెక్సీ కట్టి, దాని ఫోటో తిరిగి అన్నకే పంపారు. అది చూసి ఆయన మురుస్తుండగానే ఫోను ఆరిపోయింది. నాది ఎట్టాగూ ఆ దేశంలో టైము చూసుకోటానికే.

చీకటి పడే వేళకి యోహాన్ ఖాళీ చేతులతో వచ్చాడు. రాత్రి వెతకటం ఇక్కడ ఒప్పుకోరు, తెల్లారి కుక్కల్ని తెచ్చి చూద్దాం అన్నాడు. తీరా బండి దగ్గరికెళ్తే టైరు చీలింది, ఉన్న స్పేరు అంతకుముందు రోజే వాడేశారు. వాళ్ళిద్దరూ నడిచి క్యాంపుకెళ్ళి వేరే బండి తెస్తాం, రెండు గంటలు తలుపేసుకుని కూచోమన్నారు. తుపాకి యోహాన్ భుజాన వేసుకున్నాడు. గైడు లేకుండా గిరాకీ చేతిలో తుపాకి ఉండకూడదంట.

వెళ్తా వెళ్తా పెట్రుస్ ఆ బూట్ల కథ చెప్పాడు. నా ఇంగ్లీషు రెండోసారి రాస్తే గట్టెక్కిన టెన్తు ఇంగ్లీషు. అయినా ఆ కథ ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.

రెండు గంటలు గడిచినయ్. మూడు. వాళ్ళు రాలేదు.

అన్న కుదురుగా లేడు. లేస్తాడు, కూచుంటాడు, సందులోంచి చూస్తాడు. ఆఖరికి నా చేతిలో టార్చి లాక్కున్నాడు.

"ఫ్లెక్సీ కట్టేశార్రా. తెల్లారేలోపు దుమ్ములగొండ్లు తినేస్తే నేనేం మొహం పెట్టుకుని తిరగాలి? ఆ పొదల దాకా చూసి ఐదు నిమిషాల్లో వస్తా."

కాళ్ళావేళ్ళా పడ్డాను. వదిన పేరు చెప్పాను. బూట్ల సంగతి మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వి, గడియ పెట్టుకోమని వెళ్ళిపోయాడు. టార్చి వెలుతురు పొదల్లోకి పోయింది... మినుకు మినుకుమంది... ఇక కనపడలేదు.

వెంట వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళాలనే లేచాను. లేచి గడియ పెట్టాను.

ఐదు నిమిషాలు అరగంటైంది. అరగంట గంటైంది. గదిలో నా చెయ్యి నాకు కనపడటం లేదు. సందులోంచి చూస్తే చుక్కల వెలుగులో గుంట నీళ్ళు సీసంలాగా మెరుస్తన్నయ్. మూడు నక్కలొచ్చి నీళ్ళు తాగుతున్నయ్. వాటి నాలికల చప్పుడు కూడా వినపడతా ఉంది — అంత నిశ్శబ్దం.

అప్పుడు పిలిచింది.

"ఒరేయ్ వరం..."

అన్న గొంతే. గుంట అవతలి గట్టు మీదనుంచి. ప్రాణం లేచొచ్చి, 'అన్నా' అనటానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోనే మాట ఆగిపోయింది. బూట్లు గుర్తొచ్చినయ్. పక్కపక్కనే పెట్టిన బూట్లు.

నోరు మూసుకున్నాను. రెండు చేతులతో మూసుకున్నాను.

కాసేపు ఏం లేదు. నక్కలు నీళ్ళు తాగుతానే ఉన్నయ్.

"ఒరేయ్ వరం..."

ఈసారి గుంట ఇవతల. గది గోడకి పది బారల దూరంలో. అదే విసుగు, అదే సాగదీత. మెస్సులో కూర ఆలస్యమైతే పిలిచే పిలుపు. నాకొచ్చిన ప్రార్థనలన్నీ మొదలుపెట్టాను, ఒక్కటీ చివరిదాకా గుర్తు రాలేదు.

అన్నే అయితే? అన్నే అయితే, దారి తప్పి, నా పలుకు కోసం పిలుస్తా ఉంటే... నేను పలక్కపోతే ఆయన గది దాటి చీకట్లోకి పోతాడు. చిరుతలున్నాయని యోహాన్ చెప్పాడు. తెల్లారి వదినకి ఏమని చెప్పాలి? దెయ్యమేమోనని పలకలేదని చెప్పాలా? అన్న కాకపోతే, పలికితే... నా బూట్లు.

ఎటూ తేలక గోడకి వీపానించి కూలబడ్డాను.

తలుపు అవతల ఇసక కదిలింది. ఎవరో కూచుంటన్నట్టు, మెల్లగా. తర్వాత తలుపు కింది సందులోంచి, నేల మీద పడుకుని మాట్లాడినట్టు, చానా దగ్గరగా —

"కాలు విరిగిందిరా... తలుపు తియ్యి."

చెయ్యి గడియ మీదికి పోయింది. అబద్ధం చెప్పను, పోయింది. చల్లటి ఇనుము చేతికి తగిలింది. కాలు విరిగినవాడు ఈ గుమ్మం దాకా ఎట్టా వచ్చాడు? పాకుతూ వచ్చుంటాడు. పాకితే చప్పుడేది? విన్లేదేమో. నా గుండె చప్పుడు తప్ప నాకేం వినపడటం లేదుగా...

గడియ తీయలేదు.

తీయలేక, చూస్తా ఊరుకోలేక, నా పిరికి బుర్రకి ఒక అడ్డదారి తట్టింది. పెట్రుస్ పలకొద్దన్నాడు. చప్పుడు చెయ్యొద్దని అన్లేదు.

కుర్రతనంలో బొల్లాపల్లి అడివి అంచున మా మావ మొక్కజొన్న చేలో మంచె మీద రేకు డబ్బా వాయించి రాత్రంతా పందుల్ని తోలినవాణ్ణి. ఆ రోజుల్లో చీకట్లో దారి తప్పినోళ్ళు ఆ మోత పట్టుకునే చేలోకి వచ్చేవాళ్ళు. అన్న ఎక్కడున్నా, బతికుంటే, ఈ మోత వినపడితే చాలు.

తడుముకుని, అన్న కోసం తెచ్చిన క్యారేజీ తీశాను. పులిహోర గిన్నె ఖాళీ చేసి, గరిటెతో ఒక్కటి ఇచ్చాను.

ఠంగుమంది. గుంట దగ్గర నక్కలు తలా ఒక దిక్కుకి దూకి పారిపోయినయ్.

అప్పుడు తెలిసింది. ఇందాక అంత పక్కన రెండుసార్లు మనిషి గొంతు లేస్తే, అవి తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత నేను ఆగలేదు. కొట్టాను. గరిటె వంగిపోతే గిన్నె తీసుకుని గోడకేసి కొట్టాను. మధ్యలో చెయ్యి లాగి ఒక్క క్షణం ఆగితే తలుపు అవతల ఊపిరి... మళ్ళీ కొట్టాను. నోరు మాత్రం తెరవలేదు. అన్నా అని ఒక్కసారన్నా పిలవలేదు. నా గొంతు బయటకి పోతే అది దేనికి దొరుకుతుందోనని భయం.

తూర్పున తెలుపొచ్చేటప్పటికి, తలుపు మీద ఏదో బరువుగా పడింది. తలుపు అంచు సందులోంచి చూశాను. చొక్కా పేలికలై, ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయి, అమర్నాథన్న. రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. బూట్లు కాళ్ళకే ఉన్నాయి. ముందు అదే చూశాను.

తలుపు తీశాను. ఆయన నన్ను పట్టుకుని ఏడ్చాడు. పొద్దు కొంచెం పైకొచ్చాక యోహాన్ బండేసుకుని వచ్చాడు. రాత్రి వస్తా ఉంటే ఇసకలో కూరుకుపోయిందంట. కుక్కలు జాడ తీస్తే, పొదల మీద మరకల ఎత్తుని బట్టి తూటా జింక చెవి గీరి పోయిందని తేలింది. అది ఈపాటికి కొండ దాటి మేస్తుంటుందన్నాడు. అన్న మిగతా వేట వద్దన్నాడు. మాచర్లలో ఫ్లెక్సీ మాత్రం గాలికి చిరిగేదాకా ఉంది.

ఆ రాత్రి మాట మేమిద్దరం ఎత్తలేదు. నెల తర్వాత ఒక మధ్యాహ్నం, మెస్సులో జనం పలచబడ్డాక అన్న వచ్చాడు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కోకుండా అట్టాగే కూచున్నాడు.

టార్చి చచ్చాక చెట్టెక్కాడంట. కింద ఏదో తిరుగుతా ఉంటే, మూలుగు బయటకి రాకుండా నోట్లో తువాలు కుక్కుకుని కూచున్నాడంట.

"చెట్టు మీద ఉన్నంతసేపు నోరు తెరిస్తే ఒట్టు రా," అన్నాడు.

నా చేతిలో గ్లాసు కడగటం ఆపాను.

"కాసేపటికి అవతల ఎండిన వాగులోంచి నువ్వు పిలిచావు. 'అన్నా, భయమేస్తంది, రా' అని ఏడుస్తన్నావు. నా కోసం వచ్చి వాగులో పడ్డావనుకున్నా. ఎట్టా ఉంటాను? కింద ఏముంటే అదుందని దిగేశా. వాగు దాకా పోయా. ఇంకో పది అడుగులు వేస్తే అందులోకి దిగేవాణ్ణి... అప్పుడు నీ డబ్బా మోగింది. నా వెనకమాల్నుంచి."

ఫ్యాను తిరుగుతా ఉంది. ఆయన చెయ్యి మీద మెతుకులు ఎండిపోయినయ్.

"నేను గది కదల్లేదన్నా," అన్నాను. "నోరు కూడా తెరవలేదు."

"తెలుసు. డబ్బా మోగినప్పుడే తెలిసింది." నా మొహంలోకి చూశాడు. "మరి నా గొంతేమన్నా నీకు వినపడిందా రా?"

నా ఏడుపు విని, కింద ఏముందో తెలియకుండా చెట్టు దిగిన మనిషి. కాలు విరిగింది, తలుపు తియ్యరా అని ఆయన గొంతు గుమ్మం కింద బతిమాలితే, నక్కల సంగతి ఇంకా తెలియక ముందే, గడియ మీద చెయ్యేసి కూడా తీయని మనిషిని నేను.

"లేదన్నా," అన్నాను. "నాకేం వినపడలా."