హేమ వదలని జీడికొమ్మ

సైన్సు పీరియడ్ మధ్యలో హేమ డబ్బా మూత తీసింది. లోపల సాలీడు కాళ్లు ముడుచుకుని, నల్లబడి, అడుగున అంటుకుపోయి ఉంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్వరా మరి? వారం రోజులుగా ఈ పిల్లవి ఒకటే గొప్పలు. వాళ్ల జీడితోటలో ఆకుపచ్చ వీపు మీద తెల్లచారలున్న సాలీడు ఉందట. దాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదట.

ఉషారాణి మేడం నవ్వలేదు. మన తోటల్లోనూ ఎవరూ గుర్తించని సాలీళ్లు ఉండొచ్చని ఆ మధ్య చెప్పింది ఆవిడే. డబ్బా వాసన చూసి, ఇంతకుముందు ఇందులో ఏం పోశారని అడిగింది.

జీడితొక్కలు. తాత పొయ్యిలోకి దాచుకున్నవి. హేమ వాటిని పారబోసి డబ్బా తుడిచింది గానీ కడగలేదు. తొక్కలోని నూనె తగిలితే చెయ్యి బొబ్బలెక్కుతుందని ఆ ఉద్దానం ఊళ్లలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. సాలీడుకీ ఒళ్లుంటుందని హేమకే తట్టలేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

రంగు పోయి, కాళ్లు విరిగితే ఇది కొత్తదో పాతదో ఎవరూ చెప్పలేరని మేడం మెల్లగా అంది.

"ఇంకోటుంది మేడం. గుడ్లు కూడా పెట్టింది," అంది హేమ కళ్లు తుడుచుకుని. "అది కొత్తదే. రేపు సూడండి."

సాయంత్రం తోటకి పరుగెత్తేసరికి తాత గున్నయ్య కత్తి పట్టుకుని తిరుగుతున్నాడు. జీడిపిక్కలు రాలే రోజులొస్తున్నాయంటే చెట్ల కింద ఊడ్చి, నేలకి వంగిన కొమ్మలు కొట్టెయ్యడం ఏటా ఉన్న పనే. అప్పుడే అయిదో చెట్టు దగ్గరికొచ్చాడు. దాని వంగిన కొమ్మ మీదే, మడత పడిన ఆకులో రెండో సాలీడు గుడ్లను కాసుకుని కూర్చుంది.

హేమ వెళ్లి, ఆకులోని సాలీడుని చూపించి, కొమ్మకి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోయే గుంటా," అన్నాడు తాత. "సాలీడు కోసం కొమ్మ కొట్టకుండా ఒగ్గెత్తే కింద పిక్కలు ఎవులేరతారు?"

"నేనేరతాను. పాక్కుంటూ ఏరతాను."

"పొద్దున్న డబ్బాలో కుక్కీసింది నువ్వు కాదేటి?"

ఆ మాట సూటిగా తగిలింది. హేమ మాత్రం కదల్లేదు.

"ఔను. దాన్ని నేనే సంపీసినాను. అందుకే దీన్ని సంపనివ్వను."

తాత కత్తి దించాడు. మొండిఘటం అని గొణుక్కుంటూ ఆరో చెట్టుకి పోయాడు.

మర్నాడు క్లాసులో హేమ ఖాళీ చేతులతో లేచి నిలబడింది. ముందు బెంచీ ధనరాజు డబ్బా ఏదని వెక్కిరించాడు. మళ్లీ నవ్వులు. హేమ కూర్చోలేదు.

"డబ్బా తేనేదు మేడం. అది రాదు. మనవే ఎల్లాల."

మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లాసంతా జీడితోటలో ఉంది. అయిదో చెట్టు కొమ్మకి తాత తలపాగాలోంచి చింపిన పీలిక కట్టి ఉంది. ఎవరు కట్టారో హేమ అడగలేదు. మేడం వంగి ఫోనులో ఫోటోలు తీసింది. సాలీళ్ల మీద పరిశోధన చేసేవాళ్లకి పంపుతానని, జవాబుకి చాలా రోజులు పట్టొచ్చని చెప్పింది.

ధనరాజు ఆకు విప్పబోయాడు. హేమ వాడి చెయ్యి పట్టేసింది.

"కళ్లతో సూడు."

వాడు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు. దీని పేరేటని చిన్నగా అడిగాడు.

"ఇంకా ఎవులూ పెట్నేదు," అంది హేమ, వాడి చెయ్యి వదలకుండానే.