శనగనీళ్ళ దయ్యాలు

పిండిగిన్నెలో రెండు కోడిగుడ్లు పగలగొట్టి, పెంకులు సింకులో పడేసి, ఘనకార్యం చేసినవాడిలా చేతులు దులుపుకున్నాడు నిశాంత్. దేదీప్య అతణ్ణి చూడటం అదే మొదలు.

“ఏం చేశారండీ అది?”

“గుడ్లు వేశాను. మర్చిపోయినట్టున్నారని.”

“మర్చిపోలేదు, పెరుగు వేశాను. ఇవాళ శనివారం. మీ అక్కగారింట్లో శనివారం గుడ్డు ముట్టరని మీకు తెలియదా?”

“పెళ్ళయ్యాక మా అక్క పెట్టుకున్న రూల్స్ హెర్న్‌డన్‌ దాకా రాలేదండీ.”

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ గిన్నె గిన్నెంతా ఎదురింటి అమెరికన్ ఆవిడకి వెళ్ళిపోయింది.

అది పోయినేటి మాట. ప్లేనోలో వసంతలక్ష్మి ఇంట్లో హాలోవీన్‌కి ముందు వచ్చే శనివారం పొద్దున్న వీధిలోని పిల్లలంతా చేరి దయ్యాల కప్‌కేకులు చేస్తారు. ఆ ఇంటి మేడమీద గదిలో అద్దెకుంటున్న దేదీప్యకి బేకింగ్ బాగా వచ్చు కనుక పెత్తనమంతా ఆమెదే. నిశాంత్ వసంతలక్ష్మి తమ్ముడు. హెర్న్‌డన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

గుడ్ల గొడవ చల్లారకముందే అతను దూదుండల్లాంటి మార్ష్‌మాలో మిఠాయిల ప్యాకెట్ తీశాడు. ఒక్కోదానికీ రెండు కళ్ళు పెడితే దయ్యం తయారన్నాడు. దేదీప్య ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

“ఇందులో జెలటిన్ ఉంది. ఎముకల నుంచి తీస్తారు.”

“దయ్యాలకి ఎముకలుండవంటారు కదండీ.”

ఆమె నవ్వలేదు. మేడమీదికి వెళ్ళి, గది తలుపు వేసుకున్నాక నవ్వుకుంది.

ఆ ఏడాది వెన్న క్రీముతో చేసిన దయ్యాలు నిలబడలేదు. “ఆంటీ, my ghost పడుకుంది,” అని వసంతలక్ష్మి కూతురు ఇషిత పెదవి విరిచింది. నిశాంత్ ఆ పడుకున్న దయ్యాల పక్కన మోచెయ్యి ఆనించి, మన దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని పిల్లలకి కథలు చెప్పాడు. వెళ్ళిపోతున్నా అడుగులు చూస్తే వస్తున్నట్టే ఉంటుందట. మర్నాడు ఎయిర్‌పోర్టుకి అతను ఎక్కిన కారు వీధి మలుపు తిరిగాక కూడా దేదీప్య కిటికీ దగ్గరే నిలబడింది.

ఈ జులై ఆఖర్లో అతని నుంచి మెసేజీలు మొదలయ్యాయి.

“దేదీప్యగారూ, గుడ్డు లేకుండా తెల్లగా, గట్టిగా నిలబడేది ఏదైనా ఉందా?”

ఫోన్‌లో అతని పేరు చూసి వెంటనే రాయాలనిపించినా, తెలియకుండా జవాబివ్వడం ఆమెకు చేతకాదు. ఆ వారమంతా వెతికి, కాబూలీ శనగలు ఉడికించి, ఆ నీళ్ళలో చక్కెర పోసి నురుగు బిగిసేదాకా గిలకొట్టి చూసింది. వచ్చింది. అప్పుడు రాసింది. “శనగలు ఉడికించిన నీళ్ళు. బాగా చల్లారాక గిలకొట్టండి.”

“థ్యాంక్సండీ. ఒకరికి నా చేతులతో చేసిపెడదామని. ఆవిడకి అంత తేలిగ్గా ఏదీ నచ్చదు.”

దేదీప్య ఆ మెసేజ్ చాలాసేపు చూసింది. హెర్న్‌డన్‌లో ఎవరో అమ్మాయి. ఆఫీసులో అయ్యుంటుంది.

ఆ పైన వచ్చినవన్నీ ఓవెన్ ముచ్చట్లే. నురుగు ఎండి గట్టిపడటానికి వేడి ఎంత పెట్టాలి, పగుళ్ళెందుకు వస్తున్నాయి. ఎవరో అమ్మాయి కోసం అతను చేస్తున్నదాన్ని ఆమె ఇక్కడినుంచి ఓపిగ్గా దిద్దుతూ వచ్చింది. “మధ్యలో తలుపు తీయకండి,” అని రాసి ఫోన్ బోర్లా పెట్టేది. మళ్ళీ తిప్పి చూసేది, ఇంకేమైనా అడిగాడేమోనని.

ఈ మధ్య దేదీప్య వాళ్ళ నాన్న లక్ష్మీపతి ఒక సంబంధం తెచ్చాడు. అబ్బాయి పేరు అనీష్, పిస్కాటవేలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం, మంచివాడు. వంక పెట్టడానికేమీ కనబడలేదు. శనివారం చెబుతానంది. ఆ శనివారం ఇదే, మళ్ళీ కప్‌కేకుల రోజు.

పొద్దుటినుంచీ వాన. వంటింటి బల్ల చుట్టూ పిల్లలు మోకాళ్ళమీద లేచి కుర్చీల్లో కూర్చున్నారు. దేదీప్య నల్ల క్రీము సంచీ మూతి కత్తిరించి ఇషితకిచ్చింది.

“గట్టిగా పిండకు. సాలెపురుగుకి కాళ్ళు సన్నగా రావాలి.”

“Mine has ten legs, ఆంటీ,” అన్నాడు పక్కింటి మానవ్.

“రెండు నాకేసి, ఎనిమిది ఉంచు.”

నిన్న సాయంత్రం హెర్న్‌డన్‌ నుంచి దిగిన నిశాంత్ పొద్దుటినుంచీ వంటింట్లోనే తచ్చాడి, పైకెళ్ళి అప్పుడే మెట్లు దిగి వచ్చాడు, చేతిలో స్టీలు డబ్బాతో. దాన్ని బల్లమీద పెట్టి మూత తీశాడు. లోపల కాగితం పొరల మధ్య బొటనవేలంత తెల్లటి దయ్యాలు. దేనికీ పగుళ్ళు లేవు. కాకపోతే వానగాలి తగిలి ఒళ్ళంతా చెమర్చి, ఒకటి రెండు పక్కకి ఒరిగాయి.

“మామా, ఇవి ఏడుస్తున్నాయ్,” అంది ఇషిత.

“ఫ్లైట్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చానే. అప్పటిదాకా బానే ఉన్నాయి.”

దేదీప్య ఒకదాన్ని వేలితో తాకింది. ఎవరి కోసమో చేస్తూ వీటిని కూడా చేశాడు కాబోలు.

“బాగా కుదిరాయి,” అంది తల ఎత్తకుండా. “ఆవిడకి నచ్చాయా?”

“ఎవరికి?”

“మీరు ఎవరికోసం చేశారో వాళ్ళకి. హెర్న్‌డన్‌లో.”

“హెర్న్‌డన్‌లో అని నేనెప్పుడన్నానండీ?” నిశాంత్ ఆశ్చర్యంగా చూశాడు. “గుడ్డు వద్దని, మార్ష్‌మాలో వద్దని పిల్లలందరి ముందూ నన్ను నిలబెట్టి క్లాస్ పీకింది ఎవరు?”

ఆమె చేతిలోని దయ్యం తల ఊడి బల్లమీద పడింది.

“మా రూమ్మేట్ సాత్విక్‌కి ఫోన్ చేసి అడగండి. ఈ మూణ్ణెల్లూ ఇంట్లో శనగల కూర తప్ప ఇంకోటి వండలేదు. నీళ్ళు నాకు, శనగలు వాడికి.”

“మరి ఒక్క ముక్క చెప్పొచ్చుగా.”

“ఎలా చెప్పను? నేను నాలుగు లైన్లు రాస్తే మీరు టెంపరేచర్ ఒక్కటి చెప్పి ఊరుకునేవారు. ఇష్టం లేదేమో అనుకున్నా.”

దేదీప్యకి కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. రెండూ బయటపడకుండా క్రీము సంచీ మూతి తుడుస్తూ నిలబడింది. అప్పుడే గట్టుమీద ఆమె ఫోన్ మోగింది.

“మీ నాన్నగారే,” అంది వసంతలక్ష్మి.

అది మోగుతూనే ఉంది. దేదీప్య నిశాంత్ వైపు తిరిగింది.

“ఒక సంబంధానికి సరేనా కాదా అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?”

“నన్నడుగుతున్నారా?”

“ఇన్నాళ్ళూ మీరడిగినవన్నీ నేను చెప్పాను. ఒక్కదానికి మీరు చెప్పండి.”

నిశాంత్ డబ్బా మూత చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

“కాదని చెప్పండి,” అన్నాడు నిశాంత్.

“ఎందుకని అడుగుతారు.”

“నా పేరు చెప్పండి.”

వసంతలక్ష్మి కొంగుకి చెయ్యి తుడుచుకుని తనే ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది.

“అన్నయ్యగారూ, నమస్కారమండీ. అమ్మాయి ఉంటున్న ఇంటావిణ్ణి, వసంతలక్ష్మిని. అమ్మాయి ఇక్కడే ఉందండీ, బావుంది. ఒక మాట ముందు నేను చెబుదామని. మాకొక తమ్ముడున్నాడు. వాడికి ఇప్పుడే మాటలొచ్చాయి. మీ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు.”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

“మా అమ్మాయేమంటోందమ్మా?”

“నాకిష్టమే, నాన్నా,” అంది దేదీప్య. ఆ మాట చెప్పడానికి ఏడాది పట్టింది గానీ పలకడానికి ఊపిరి కూడా తీసుకోనక్కర్లేకపోయింది.

“ఆ అబ్బాయి ఉన్నాడా అక్కడ?”

“నమస్కారమండీ. నిశాంత్‌నండీ.” నిటారుగా నిలబడ్డాడు, ఆయనకి కనబడుతున్నట్టు.

“బాబూ, ఒకటడుగుతాను. మా అమ్మాయి పొద్దుటినుంచీ ఏమైనా తిందా?”

దేదీప్య ఏదో చెప్పబోయింది. నిశాంత్ అప్పటికే చెబుతున్నాడు.

“లేదండీ. కాఫీ ఒక్కటే. అదీ సగం తాగి సింకు పక్కన పెట్టేశారు.”

లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు.

“చిన్నప్పటినుంచీ అంతే. దిగులుగా ఉంటే తినదు, అడిగితే తిన్నాననే చెబుతుంది. ముందు దానికేదైనా పెట్టు బాబూ. మిగతావి రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం.”

ఫోన్ పెట్టేశాక నిశాంత్ చేతులు కడుక్కుని, పొయ్యిమీద పెనం పెట్టి, ఫ్రిజ్‌లోంచి దోసెల పిండి తీశాడు.

“ఎన్ని వెయ్యను?”

ఇషితని కొంచెం జరగమని, ఆ కుర్చీలోనే సగం మీద కూర్చుంది దేదీప్య.

“ఆకలేస్తోంది,” అంది. “వేస్తూ ఉండండి.”