పేరు పెట్టి పిలవని సాయంత్రం

అటకామా ఎడారిలో ఆ ఊరి మ్యూజియం ఒకటే గది. దాని తాళం, వెనక లోయలో పాతకాలపు బొమ్మలు చెక్కిన బండల గేటు తాళం రెండూ ఎర్మీనియా నడుముకే ఉంటాయి. చూడవచ్చిన వాళ్ళ చేత ముందు నేలకు నైవేద్యంగా కోకా ఆకులు పెట్టించి, బండల కిందున్న చనిపోయిన పెద్దల అనుమతి అడిగించి, ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. భయమన్నది ఏనాడూ ఎరగదు.

తొమ్మిది రోజుల క్రితం ఆమె ఆరేళ్ళ కూతురు అయిలిన్ లామా జంతువుల బొమ్మలున్న బండ మీంచి జారిపడింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ముద్ద మింగదు, మాట్లాడదు, గోడకేసి చూస్తూ పడుంటుంది. పట్నం డాక్టరు అంతా బాగానే ఉందన్నాడు. బాగుంటే పిల్ల పుల్లలా ఎందుకైపోతోంది?

"బెదిరిన ప్రాణం అక్కడే ఉండిపోయిందే," అంది అత్త తొమాసా. "దాని గౌను తీసుకెళ్ళి పిలుచుకురా. గుమ్మం దాటేదాకా వెనక్కి చూడకు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరే పిలువు, ఇంకో మాట వద్దు. ఆ బండల కింద పేరు పెట్టి పిలిచే దిక్కులేని చచ్చిన పిల్లలు బోలెడుమంది."

"నాకు తెలీదా అత్తా? వచ్చినవాళ్ళకి రోజూ చెప్పేది నేనేగా."

"శకునం చెప్పే బల్లే కుడితిలో పడిందట. వెళ్ళు, పొద్దు వాలుతోంది."

లోయలో ఎండ తగ్గేసరికి బండల్లోంచి పాత మట్టి వాసన మొదలైంది. ఎర్మీనియా ఆకులు పెట్టింది, వైను పోసింది, గౌను గాల్లో ఊపింది.

"అయిలిన్! రా, ఇంటికి పోదాం. అయిలిన్!"

గాలి ఆగింది. వెనక ఓ గులకరాయి కదిలింది. తర్వాత... చిన్న అడుగులు. ఉత్తకాళ్ళ చప్పుడు.

ఎర్మీనియా ఇంటిదారి పట్టింది. పేరు పిలుస్తూనే నడిచింది. ఎండిన వాగు దాటేచోట అడుగులు వెనకబడ్డాయి. ఆగిపోయాయి. వెనక్కి చూడకూడదు. పిల్ల అలిసిపోయిందేమో... మళ్ళీ భయపడిందేమో... ఏం చేస్తుంది, తల్లి కదా.

"రా నా తల్లీ... నా బంగారూ... అమ్మ దగ్గరికి రామ్మా!"

అడుగులు పరుగెత్తుకుంటూ వచ్చాయి.

ఇంటికొచ్చి గౌను కప్పగానే పిల్ల లేచి కూర్చుంది. మొక్కజొన్న సూపు రెండు గిన్నెలు ఆత్రంగా తాగింది. "అమ్మా," అంది. ఎర్మీనియా కాళ్ళు నేల మీద నిలవలేదు.

తొమాసా మాత్రం పిల్లనే చూస్తోంది. "అయిలిన్," అని పిలిచింది. పిల్ల తల తిప్పలేదు. మళ్ళీ పిలిచింది. ఎవర్నో పిలుస్తున్నట్టు ఊరుకుంది.

"దారిలో ఏమని పిలిచావే?" గుసగుసగా అడిగింది.

ఎర్మీనియా చెప్పింది. "పేరు లేని పిలుపుకి ఇంకెవరో వచ్చారే," అంది ముసలామె.

మర్నాడు పొద్దు వాలగానే ఎర్మీనియా మళ్ళీ బండ దగ్గరికి పరుగెత్తింది. ఈసారి పేరొక్కటే పిలిచింది.

"అమ్మా..." బండ వెనక నుంచి సన్నటి గొంతు. అయిలిన్ గొంతే. "నన్ను వదిలేసి ఎవర్ని తీసుకెళ్ళావు?"

వెనక్కి చూడలేదు. పళ్ళు బిగబట్టి, పేరు తప్ప ఇంకో మాట రానివ్వకుండా నడిచింది. అడుగులు ఇంటిదాకా వచ్చాయి.

గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది పిల్ల. ఎర్మీనియా నడుము రెండు చేతులా చుట్టేసుకుంది.

"లోపల చోటు లేదమ్మా," అంది మెల్లగా.

వెనక ఏడుపు. ముందు అయిలిన్ చేతులు, అయిలిన్ జుట్టు వాసన, వెచ్చటి ఒళ్ళు. దాన్ని తోసెయ్యాలంటే కూతురి ఒంటినే తోసెయ్యాలి. చేతులు లేవలేదు. చివరికి తొమాసా ఇద్దర్నీ లోపలికి లాగి తలుపు వేసింది.

"అత్తా, నా అయిలిన్ బయటే ఉంది..."

"ఒంట్లో ఏ ప్రాణమూ లేకపోతే పిల్ల చచ్చిపోతుందే. ఏదో ఒకటి లోపలుండనీ."

తలుపు కింది భాగంలో ఎవరో చాలాసేపు తట్టారు. తర్వాత ఆగింది.

తెల్లారి ఎర్మీనియా తలుపు తీసింది. ఇసుకలో గుమ్మం దాకా వచ్చిన చిన్న అడుగులు ఒక్క జతే. లోయకేసి తిరిగి వెళ్ళినవి రెండు జతలు. రెండోది ఉత్తకాళ్ళతో నడిచిన ఎవరో పెద్ద మనిషిది, ఇంట్లోవాళ్ళది కాదు... పిల్ల అడుగులకి పక్కనే, చెయ్యి పట్టుకుని నడిపించినంత దగ్గరగా.