ముందు అవ్వ చూడాలి

ఆ ఆదివారం ఉప్మాలో ఉప్పు రెండింతలు పడింది.

చెన్నై మైలాపూరులో మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. శివరామ్ రెండు ముద్దలు తిని, పెరుగు కలుపుకొని ఇంకో ముద్ద తిని, కంచం పక్కకు జరిపాడు. అతని భార్య ఇంద్రజ కాఫీతో సరిపెట్టుకుంది. ఆ రోజుతో ఏడేళ్లు నిండిన కూతురు ఆశ, రెండు రోజులుగా జలుబుతో ముక్కు ఎగపీలుస్తూనే, "బర్త్‌డేకి హోటల్‌కి పోతాం గదా, కడుపు ఖాళీగా ఉండాల" అని తప్పించుకుంది. శివరామ్ తల్లి హైమ వంటింటి గుమ్మంలో నిలబడి ముగ్గురి కంచాలూ చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

ఏడాదిగా ఇదే వరస. అంతకుముందు హైమ వంటకు వంక పెట్టినవాళ్లు లేరు. నలభై ఏళ్లలో ఆమె దేవుడికి నైవేద్యం పెట్టకముందు ఏదీ నాలుక మీద వేసుకుని ఎరగదు. అది వాళ్ల అత్తగారి దగ్గర నుంచి వచ్చిన పట్టింపు. పులుసు మరిగేటప్పుడు మూత తీసి, ఆవిరిని చేత్తో రెండుసార్లు ముక్కువైపు విసురుకుని, "ఉప్పు చాల్లేదు" అనేది. చిటికెడు వేసేది. సరిపోయేది. ఇంద్రజ కాపురానికి వచ్చిన కొత్తలో నమ్మలేక, అత్త చూడకుండా ఒకసారి రసం రుచి చూసి గప్‌చిప్‌గా మూత పెట్టేసింది. ఆ తర్వాత మళ్లీ ఆ పని చేయలేదు.

హోటల్లోనూ ఆమెదే తీర్పు. నెలకు రెండు ఆదివారాలు బయట తినడం ఆ ఇంటి అలవాటు. సౌకార్‌పేట సందులో నిలబడి వేడి జిలేబీ తిన్నా, మాడవీధి పక్కన చిన్న టిఫిన్ హోటల్లో రవ్వదోసె తిన్నా, ముందు హైమ ముక్కు దగ్గరికి పోవలసిందే. "సాంబారు పొద్దున్నది." "ఇది నెయ్యి గాదు." "ఈ చట్నీ తినబాకండి." ఆమె తల ఊపాకే మిగతావాళ్లు చెయ్యి పెట్టేవాళ్లు. టిఫిన్ హోటల్లో వడ్డించే ఆనందన్ గిన్నెలు బల్ల మీద పెట్టి, ఆమె నోరు విప్పేదాకా కదిలేవాడు కాదు. ఆమె "బాగుండాది" అన్న రోజు లోపల వంటమాస్టరుకు కబురు చేరేది.

పోయిన ఏడాది ఇంద్రజ షోళింగనల్లూరులో మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆశ పుట్టిన నాటి నుంచీ ఇంట్లోనే ఉన్న కోడలితో, "నువ్వు పో అమ్మా, వంటా బిడ్డా నేను చూసుకుంటా" అని పంపింది హైమే. నెల తిరక్కముందే హైమకు జ్వరం వచ్చింది. వారం పడుకుని లేచింది. అప్పట్నుంచీ వంట దారి తప్పింది. ఒకరోజు ఉప్పు, ఒకరోజు మాడు, ఒకరోజు పులిసిన పాలతో కాఫీ. హోటల్లో మాత్రం ఏది తెచ్చిపెట్టినా ఒకటే మాట, బాగుండాది. ఇంద్రజ అన్నీ కలిపి చూసుకుంది. అత్తకు తన ఉద్యోగం ఇష్టం లేదు, నోటితో అనలేక గరిటెతో చెబుతోంది అనుకుంది. శివరామ్ దగ్గర ఆ మాట ఎత్తితే "ఛ, అమ్మ అట్టాంటిది గాదు" అని టీవీ పెట్టుకున్నాడు. మగవాళ్లకు తల్లి మీద అనుమానం రాదు. వస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కదా.

పుట్టినరోజు మధ్యాహ్నం భోజనానికి షోళింగనల్లూరు వైపు కొత్తగా తెరిచిన హోటలుకు వెళ్లారు. ఆఫీసులో అందరూ పొగిడారని ఇంద్రజే ఎంచుకుంది. అద్దాల గోడలు, మెత్తటి కుర్చీలు, చలిపుట్టే ఏసీ. ఆర్డరు ఇచ్చిన ముప్పావుగంటకు శివరామ్‌కు చల్లారిన పులావు వచ్చింది. ఇంద్రజ అడిగింది ఒకటి, తెచ్చింది ఇంకొకటి. ఆశకు మాత్రం అడిగినట్టే ఆప్పం, తియ్యటి కొబ్బరిపాలు వచ్చాయి. అప్పుడే ఇంద్రజకు ఫోన్ వచ్చింది. లేచి బయటికి పోతూ, అలవాటు కొద్దీ, "అత్తా, ఆ పాలు ఒకసారి చూడండి" అంది.

అద్దం అవతల నుంచి ఆమె చూసింది. హైమ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత ఆశ ముక్కు దగ్గర పెట్టింది. ఆశ కొంచెం ఆగి తల ఊపింది. అవ్వామనవరాళ్ల ఆట అనుకుంది ఇంద్రజ. లోపలికి వచ్చేసరికి హైమ ఆప్పం తుంచి, పాలలో ముంచి, పిల్లకు తినిపిస్తోంది.

"బాగుండాదా అత్తా?"

"బాగుండాది అమ్మా."

మిగిలిన పాలు డబ్బాలో కట్టించుకుని వచ్చారు. నాలుగు గంటలకు ఆశ కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. వాంతులు ఆగలేదు. ఇంద్రజ ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా తీసి మూత తెరిచింది. పులిసిన కంపు గుప్పున కొట్టింది. పంచదార ఎక్కువ వేసి చెడిన పాలను కప్పిపుచ్చారు హోటలువాళ్లు. నాలుకను మోసం చేయవచ్చు. కానీ వాసన తెలిసిన మనిషిని? ఆస్పత్రిలో పిల్లకు సెలైన్ ఎక్కుతున్నంతసేపూ ఇంద్రజ ఆ ఒక్క మాటే తలచుకుంది. అత్తవైపు తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున సెలవు పెట్టింది. ఆశ లోపల నిద్రపోతోంది. హైమ కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంద్రజ ముట్టుకోలేదు.

"కూర్చోండి అత్తా. ఒకటి అడగాల."

హైమ కూర్చుంది.

"మూత తియ్యకముందే పాలు ఎప్పుడు కాచినారో చెప్పే మనిషి మీరు. నిన్న ఆ కొబ్బరిపాలు చెడిపోయినాయని మీకు తెలీలేదా?"

హైమ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. "ఇంద్రజా, అదీ..."

"ఏడాదిగా చూస్తా ఉండా. ఉప్పు ఎక్కువైనా, మాడినా నేను నోరెత్తలేదు. నేను ఉద్యోగానికి పోవడం మీకిష్టం లేదు. ఆ మాట నా మొకాన చెప్పుంటే నేనే మానేసుందును. కోపం నా మీద చూపించండి, పడతా. ఆ బిడ్డ మీకేం చేసింది?"

"ఇంద్రా, మెల్లగా" అన్నాడు శివరామ్.

"మీరుండండి. ఏడాదిగా మీరు మెల్లగానే ఉండారు." ఆమె కాఫీ గ్లాసు పక్కకు నెట్టింది. "కింద వాటాలో వంట చేస్తాదే కన్నియమ్మ, ఆమెను రేపట్నించి మనకూ రమ్మంటా. ఈరోజు నుంచి ఆశకు మీ చేత్తో ఏమీ పెట్టబాకండి అత్తా."

ఆ మాట ఇంద్రజకే ఎక్కువనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. హైమ ఏడుస్తుందనుకుంది, ఎదురు తిరుగుతుందనుకుంది. హైమ ఆ రెండూ చేయలేదు.

"సెరి అమ్మా" అని లేచింది. వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. "ఇంగువ డబ్బా పై అరలో ఉండాది. కన్నియమ్మకు చెప్పు. వెతుక్కుంటాది పాపం."

"అమ్మా, అవ్వను తిట్టబాకు."

ఆశ గది గుమ్మంలో నిలబడి ఉంది. దుప్పటి భుజాల మీద వేలాడుతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నువ్వెందుకు లేచినావే? పో, పడుకో."

"అవ్వ తప్పు గాదు. నాది. నా ముక్కు బ్లాక్ అయిపోయింది."

"నీ ముక్కుకూ దీనికీ ఏం సంబంధం?"

ఆశ అవ్వవైపు చూసింది. హైమ వద్దన్నట్టు తల ఊపింది. పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది.

"రోజూ నేనే గదా వాసన చూసేది. స్కూల్‌కి పోకముందు అవ్వ గిన్నెలన్నీ చూపిస్తాది. నేను సరే అంటే సరే. నేను లేటుగా లేచిన రోజే మాడిపోతాది. ఉప్పు మాత్రం నాకు రాదు. ఎంతసేపు చూసినా ఉప్పుకు వాసనే లేదమ్మా." దుప్పటితో ముఖం తుడుచుకుంది. "అవ్వకు జ్వరం వచ్చినప్పటి నుంచి ఏ వాసనా రాదు. అది మా సీక్రెట్. నిన్న నాకు జలుబు. ఏమీ తెలీలేదు. తెలీలేదంటే నువ్వు కనిపెట్టేస్తావని, బాగుండాదని చెప్పేసినా."

ఇంద్రజ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. పులిసిన పాల కాఫీ, మాడిన తాలింపు, హోటల్లో ప్రతి గిన్నెకూ పడిన ఆ ఒకే మాట, అన్నీ ఒక్కసారిగా ఇంకో అర్థం చెప్పాయి. తను చెప్పుకున్న అర్థం తలచుకుంటే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఎందుకు చెప్పలేదు అత్తా?"

హైమ ఆశను దగ్గరికి తీసుకోబోయి, ఇందాకటి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కుంది. అది ఇంద్రజ చూసింది.

"ఒకనాడు తాలింపులో ఇంగువ వేసినా, వాసన రాలేదు. పాతదేమో అని కొత్త డబ్బా తెప్పించినా. కర్పూరం వెలిగించినా, అదీ రాలేదు. రేపొస్తాది, ఎల్లుండొస్తాది అనుకున్నా. ఉప్పు వేసినానో లేదో తెలీక మళ్లా వేస్తా ఉంటి. నీకు చెబుదామనే అనుకున్నా అమ్మా. కానీ నువ్వు ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. చెప్తే మానేస్తావు. అన్నేళ్లూ ఆ కిటికీ దగ్గర నిల్చుకుని ఆఫీసు బండ్లు పోయేది చూస్తా ఉంటివే, నేను చూడలేదా?"

ఇంద్రజ తల ఎత్తి అత్తను చూసింది. తను అలా నిలబడేదని భర్తకు కూడా తెలియదు.

"డాక్టరుకు చూపించుకోవచ్చు గదా అమ్మా" అన్నాడు శివరామ్.

"చూపిస్తే ఇంక రాదని చెప్పేస్తే?" అంది హైమ. "వాసన పోతే నా చేతిలో ఇంకేముండాదిరా?"

"నాలికకు ఉప్పు తెలుస్తాది గదా అత్తా. ఒక చుక్క వేసుకుని చూసుంటే చాలు గదా" అంది ఇంద్రజ కళ్లు తుడుచుకుంటూ.

హైమ బిత్తరపోయి చూసింది. "దేవుడికి పెట్టకముందా?"

నవ్వాలో ఏడవాలో తెలియని ఆ క్షణంలో ఇంద్రజ వెక్కివెక్కి ఏడ్చింది. శివరామ్ తల్లి పక్కన కూర్చున్నాడు. "ఏడాదిగా ఆ దేవుడూ ఆ ఉప్పే తిన్నాడు గదమ్మా. ఒక్కరోజు కూడా కంచం పక్కకు నెట్టలేదు. నెట్టింది నేనే" అన్నాడు.

ఇంద్రజ అత్త చెయ్యి పట్టుకుంది. "నోరు జారినా అత్తా. ఆ మాట అని ఉండకూడదు. మన్నించండి."

హైమ కోడలి జుట్టు సవరించి, కాఫీ చల్లారిపోయిందని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆమె మన్నించిందో లేదో ఆ పూట ఇంద్రజకు తెలియలేదు.

డాక్టరు చూశాడు. రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది దాటింది కాబట్టి గట్టిగా చెప్పలేమన్నాడు. కన్నియమ్మను పిలవలేదు. ఇంద్రజ పొద్దున అరగంట ముందు లేచి తాలింపుల దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. దేవుడి గిన్నెలోకి ముందే తీసిపెట్టి, మిగిలినదాంట్లో ఉప్పు చూడమంటే మాత్రం హైమ ఒప్పుకోలేదు. ఆశకు తన చేత్తో తినిపించడమూ మానేసింది. ఎవరూ వద్దనలేదు. పిల్ల అడిగితే "అమ్మ పెడతాది పో" అనేది. అంతే, కోపం లేదు, అలక లేదు. అదే ఇంద్రజకు ముల్లులా గుచ్చుకునేది.

రెండు వారాలు గడిచాక ఆదివారం పొద్దున నలుగురూ మాడవీధి టిఫిన్ హోటలుకు వెళ్లారు. ఆనందన్ ఇడ్లీలు, సాంబారు గిన్నెలు తెచ్చి పెట్టి, ఎప్పటిలాగే హైమ పక్కన నిలబడ్డాడు. ఆమె గిన్నె ఎత్తింది. ముక్కు దాకా తెచ్చి, ఆగి, దింపేసింది.

"ఆనందా, నాకు వాసన పోయి ఏడాదైంది. ఇన్నాళ్లూ నీకు అబద్ధమే చెప్పినా."

"తెలుసమ్మా" అన్నాడు ఆనందన్ తమిళంలో, బల్ల తుడుస్తూ. "ఒకనాడు మాడిన సాంబారు పొరపాటున తెచ్చి పెట్టాను. బాగుందన్నారు. ఆరోజే అర్థమైంది. అప్పటి నుంచి మీ బల్లకు తెచ్చేముందు నేనే వాసన చూసి తెస్తున్నాను."

ఇంద్రజ తల దించుకుంది. వడ్డించే మనిషికి ఒక్క గిన్నెతో తెలిసింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ తనకు ఏడాది పట్టింది. అదైనా పిల్ల చెబితే.

ఆమె గిన్నె అందుకుని వాసన చూసింది. "ఇంగువ పడింది. కొత్తిమీర తాజాగా ఉండాది. ఇప్పుడు కాచిందే అత్తా." గిన్నె తిరిగి ఆమె ముందు పెట్టింది. "వాసన నేను చూస్తా. ఉప్పు మీరు చూడండి. ఈడ దేవుడికి పెట్టేది లేదు గదా."

హైమ కోడలి ముఖంలోకి చూసింది. కొంచెం తటపటాయించి, అరచేతిలో చుక్క పోసుకుని నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. మిగతావాళ్లు ఎదురుచూశారు.

"ఉప్పు ఒక రవ్వ తక్కువ" అంది.

ఆనందన్ లోపలికి పోయి, ఉప్పు గిన్నె తెచ్చాడు. హైమ చిటికెడు తీసి కలిపింది. ఇంద్రజ ఆశ పళ్లెం అత్త ముందుకు జరిపింది.

"మీరే పెట్టండి అత్తా. మీ చేత్తో."

హైమ వెంటనే పెట్టలేకపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఇడ్లీ తుంచి, సాంబారులో ముంచి, పిల్ల నోటి దగ్గరికి తెచ్చింది. ఆశ ముందు ముక్కు దగ్గర పెట్టించుకుని, జలుబు తగ్గిన ముక్కుతో గట్టిగా పీల్చింది.

"సరే అవ్వా" అని నోరు తెరిచింది.