కుడివైపు అద్దం

మాచర్ల బస్టాండు వెనక వీధిలో, మేడ మీదున్న ఆ ఆఫీసు గదికి పొద్దున పదింటికే ఒక అమ్మాయి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే సంచిలోంచి టీపొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో విషం లేదని మీరే తేల్చాలి మేడం."

ప్రైవేటు డిటెక్టివ్ వనజ డబ్బా ముట్టుకోలేదు. ముందు మంచినీళ్లు ఇప్పించింది. నోటుబుక్కు తెరిచి పక్కన కూర్చున్న పున్నారావు రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ముప్పై ఏళ్ల సర్వీసులో తనకు కనపడనిది ఈవిడకు నాలుగు ప్రశ్నల్లో కనపడుతుందని అతని నమ్మకం.

అమ్మాయి పేరు ఫాయిజా. భర్త నదీం బోరు మోటార్లు బాగుచేస్తాడు. అత్త మాబున్నీసాకు రెండు నెలల కిందట ఎడమ కంటికి శుక్లాల ఆపరేషనయింది. చూపు బాగా వచ్చింది. కానీ మూడు వారాలుగా రోజూ టీ తాగాక ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి, కడుపులో తిప్పుతోంది. రెండుసార్లు మెట్ల మీద పడింది. గురజాలలో తన తమ్ముడు ఫరీద్ ఇంట నాలుగు రోజులుంటే ఏ బాధా లేదు. తిరిగొచ్చిన మర్నాడే మళ్లీ మొదలు. కోడలే ఏదో కలుపుతోందని ఆమె తేల్చేసింది. రేపు పెద్దలు కూర్చుని ఫాయిజాను వినుకొండలో పుట్టింటికి పంపేస్తారు.

"నేనేం కలపలేదు. కానీ ఆమె పడటం నా కళ్లతో చూశా. అది నాటకం కాదు మేడం," అంది ఫాయిజా.

ఆ మాట విన్నాకే వనజ కేసు ఒప్పుకుంది. మధ్యాహ్నానికి వనజ, పున్నారావు ఫాయిజా వాళ్లింట్లో ఉన్నారు.

"ఎక్కేటప్పుడు పడ్డారా, దిగేటప్పుడా?" అని మాబున్నీసాను అడిగింది వనజ.

"దిగేటప్పుడే. ఒక మెట్టు రెండుగా కనపడుద్ది."

"నిద్ర లేవగానే ఎలా ఉంటుంది?"

"బానే ఉంటా. నమాజు చేసుకొని, కళ్లజోడు పెట్టుకొని కూర్చుంటే ఈ పిల్ల టీ తెచ్చిద్ది. అప్పుడు మొదలు."

"గురజాలలో?"

"ఒక్కనాడూ లేదు. జోడు ఇక్కడే మర్చిపోయి పోయా. అయినా చానా హాయిగా ఉన్నా."

వనజ కళ్లజోడు అడిగి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. ఎడమ అద్దం పలచగా, సన్నని గీతలతో ఉంది. కుడిది అంచున మందంగా ఉంది, దాని మీద ఒక్క గీతా లేదు. ఆ వైపు ఫ్రేముకు బిగించిన మరమేకు కొత్తగా మెరుస్తోంది. ఆస్పత్రి కాగితాలు కూడా చదివి, బయటికొచ్చి కంటి డాక్టరుకు ఫోన్ చేసింది.

మర్నాడు ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టింది. ఫరీద్ కూడా వచ్చాడు.

"ఈ ఇంట్లో విషం లేదు," అంది వనజ. మాబున్నీసాను జోడు పెట్టుకుని, గడప వైపు చూడమంది.

"రెండున్నాయి."

"ఒక కన్ను మూయండి."

"ఒకటే."

"విషమైతే కన్ను మూస్తే పోదు. ఆపరేషనైన ఎడమ కంటికి ఇప్పుడు పవరు అక్కర్లేదు. కుడి కంటికి ఇంకా మైనస్ తొమ్మిది. అంత పవరున్న అద్దంలో అన్నీ చిన్నవిగా కనపడతాయి, కిందికి చూస్తే పైకి జరిగినట్టుంటాయి. ఒక కంట్లో పెద్ద మెట్టు, ఇంకో కంట్లో చిన్న మెట్టు. రెంటినీ మెదడు కలపలేదు. అందుకే రెండో ఆపరేషన్ దాకా డాక్టరు కుడివైపు తక్కువ పవరు అద్దం వేయించారు. దాన్నెవరో మార్చారు. ఎడమవైపు గీతలున్నాయి, కుడివైపు లేవు. మరమేకు కొత్తది."

నదీం తల వంచుకున్నాడు. మూడు వారాల కింద జోడు మీద కూర్చున్నానని, కుడి అద్దం పగిలిందని, అమ్మ తిడుతుందని బీరువాలో దొరికిన కంటి డాక్టరు చీటీ షాపులో చూపించి కొత్తది వేయించానని మెల్లగా చెప్పాడు. ఆ చీటీ ఆపరేషనుకు ముందుదని అతనికి తట్టలేదు. పవరెక్కువైతే మంచిదేననుకున్నాడు.

జోడు పక్కన పెట్టేస్తే చాలని, రెండో ఆపరేషను దాకా కుడి కంటికి కాంటాక్టు లెన్సు సరిపోతుందని డాక్టరు చెప్పిన మాట వనజ అందరికీ చెప్పింది. ఫరీద్ గట్టిగా ఊపిరి వదిలాడు. పెద్దల్ని రావద్దని చెప్పడానికి వరండాలోకి వెళ్లాడు. ఫాయిజా గోడకు ఆనుకుని అలాగే కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

మాబున్నీసా జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కోడలి వైపు తిరిగింది.

"మీ అమ్మకి ఫోన్ కలుపు," అంది. "నువ్వు మాట్లాడబాకు. ముందు నేను మాట్లాడాల."